నాన్న స్పోర్ట్స్ కారు సంగతి

చిన్నోడా, పెద్దక్క దీవెనలు. ప్రయాణం బాగానే సాగింది, నా మోకాలి గురించి బెంగపడకు.

నాన్న దగ్గర ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్న డాక్టరు దొరికాడు. నువ్వు పంపిన నీ కారు ఫోటోలో, సీటు కింద నాన్న వేసిన వెల్డింగ్ అతుకు లేదేమని నిలదీశాను. అది వేసిననాడు లైటు పట్టుకున్నది నేనే. ముసలాయన నవ్వేశాడు.

"గోడకి గుద్దేశానమ్మాయ్! గోడకేం కాలేదు, కారే నుజ్జయింది. అలాంటిదే ఇంకోటి కొని, మీ నాన్న ఇంజను అందులోకి ఎక్కించా. ఆయన చేత్తో బిగించింది పారేయబుద్ధి కాలేదు."

"తర్వాత కొన్నవాళ్లకి చెప్పలేదా?"

"వాళ్లు అడిగితేగా!"

అంటే నీ షెడ్డులోని కారుకి ఇంజను నాన్నది, ఒళ్లు పరాయిది. ఇన్నేళ్లు వెతికి తెచ్చుకున్నవాడివి, నీకెంత కష్టమో తెలుసు. అయినా పాత కార్ల ప్రదర్శనలో "మా నాన్న కారు" అని బోర్డు పెట్టకు. రేపు డాక్టరు ఆ నుజ్జయిన కారుని అమ్మేసిన పాత ఇనుము కొట్టుకి వెళ్తున్నాను. అసలు కారు ఏమైందో తేల్చుకునే వస్తాను.

అమ్మ కళ్లజోడు తెచ్చావా? వంటింటి కిటికీ గడియ బిగించావా? అమ్మతో ఇదేమీ అనకు, నేనే వచ్చి నెమ్మదిగా చెబుతాను.

బోర్డు మీద "ఈ ఇంజను మా నాన్న బిగించారు" అని రాయించు. ఎవరు కాదన్నా, ఆ మాటకి దేవుడి ముందైనా నిలబడతాను.

నిన్నూ మరదల్నీ ఆ దేవుడే చల్లగా చూడాలి.

పెద్దక్క