బెల్లం దొంగ

సంగటి కుండలో ఉంది, పప్పు ఉట్టి మీద ఉంది. వేడి చేసుకోవడం చేతకాకపోతే చల్లగానే తినండి. నేను మా అన్నతో కర్నూలు ఆసుపత్రికి పోతున్నాను.

నేను ఒంటికి పోయిన చోట చీమలు పట్టాయని మీ అమ్మ, "కడుపుతో ఉండి బెల్లం దొంగతనంగా తింటాండాది" అని బెల్లం పెట్టెకు తాళం వేసింది. బి.ఎ. చదివిన తమరు ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. శభాష్!

మొన్న లేడీ డాక్టరు చెప్పింది. కడుపులో బిడ్డతో పాటు పెరిగి, కాన్పులో పడిపోయే మాయలో ఊరే రసాలు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవట. అందుకే నా రక్తంలో చక్కెర పేరుకుందట. చిగుళ్ల వాపు దాన్ని ఇంకా పెంచిందట. ఆ వాపుకు నేనేడిస్తే, "తీపి తింటే అంతే" అన్నది తమరే. సూదిమందు ఆలస్యమైతే బిడ్డకు ముప్పు.

మరిచాను. దొంగను చూడాలనుంటే పురుడయ్యేదాకా ఆగండి. మీ బిడ్డ వెనకాలే బయటికొస్తుంది.