మీ అమ్మ నాటిన ప్రిమ్‌రోజ్‌లు

లోవెన్నా,

మా అక్కకి నొప్పులు మొదలయ్యాయట, బస్సుకి పరుగెడుతున్నాను. గిన్నెలో సూపు ఉంది, వేడి చేసుకో.

మీ అమ్మ నాటిన ప్రిమ్‌రోజ్‌ల పూత అయిపోయింది. దుబ్బులు విడదీయడానికి ఇదే అదను, ఎండలు ముదిరితే తట్టుకోవు. చిన్న పారతో చుట్టూ మట్టి వదులు చేసి ఎత్తు. వేర్లు తెగకుండా చేత్తోనే పిలకలు విడదియ్యి. మళ్లీ గోడ నీడలోనే నాటి, నిండా నీళ్లు పొయ్యి. నత్తలుంటే ఏరి పారెయ్. కుళ్లిన ఆకుల ఎరువు గోనెలో పెట్టాను.

నేనే చేసేదాన్ని. కానీ వాటిని నేను ముట్టుకుంటే నీ మొహం ముడుచుకుపోతుంది. ఆవిడ పోయాక నేనీ ఇంటికొచ్చి మూడేళ్లు, దూరం నుంచే చూస్తున్నాను.

నిన్న గోడవతల ట్రెగియర్ మామ్మతో "మా కెరెన్ చేసిన బన్ను, తిని చూడండి" అన్నావు. బట్టలు ఆరేస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఆ "మా" అన్నమాట ఎప్పుడైనా నా ఎదురుగా అనకూడదుటే?

నాన్నకి మందు గుర్తుచెయ్.

కెరెన్

ఒక్క పిలక మిగిలితే వంటింటి కిటికీ కింద నాటవూ? గిన్నెలు తోముకుంటూ చూసుకుంటాను. నీకిష్టమైతేనే.