కొత్తకు ముందే తిన్న చిక్కుళ్ళు

విశాఖపట్నం,
శుక్రవారం.

అమ్మకు పెద్దకూతురు రత్నాలు దండాలు.

ఇక్కడ నేనూ, నీ మనవడు ఉదయ్ బాగానే ఉన్నాం. నా దగ్గు తగ్గింది. కాలేజీలో పరీక్షలు నడుస్తున్నాయి. డుంబ్రిగుడలో నువ్వూ, తమ్ముడూ, మరదలు నీలవేణీ, పిల్లలూ, కాఫీ చెట్లూ కులాసా అని నమ్ముతున్నాను. నీలవేణీ, ఈ ఉత్తరం అత్తకు మన మాటలో చెప్పేటప్పుడు ఒక్క ముక్కా వదిలెయ్యకు. మధ్యలో వదిలెయ్యాలనిపిస్తుంది.

ఉదయ్ ఇంకా రాగి అంబలి తాగుతున్నాడా అని అడిగావు. తాగుతున్నాడు, చక్కెర వేసుకుని. నవ్వకు. నీకు మోకాలి పట్టీ కొన్నాను. గట్టు ఎక్కలేవు కాబట్టి ఈసారి చిక్కుడు కొత్త పండుగకు గట్టుమీది శంకుదేవుడి ముందు కాయల మొదటి దోసిలి నన్నే పెట్టమన్నావు. "నియమం తప్పనిది నువ్వే" అని రాయించావు. దానికి జవాబు రాయాలనే కూర్చున్నాను. చెయ్యి సాగడం లేదు. ఫోనులో చెప్పబోయి రెండుసార్లు సిగ్నల్ లేదని పెట్టేశాను.

"అంత పరుగులో దేవుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టావే?" అని కూడా అడిగావు. ధ్యానం నేర్పే యాప్ ఒకటి పెట్టుకున్నానమ్మా. అది ఊపిరి చూసుకోమన్నప్పుడల్లా నేను బస్సు టైము చూసుకున్నాను. గుడికి వెళితే క్యూలో దిద్దని పేపర్లే గుర్తుకొచ్చాయి. నాకు లేనిది తీరికో, నమ్మకమో తేల్చుకోలేకపోయాను.

పోయిన వారం మన దిశారి, పండుగ రోజు ఖాయం చేసే మంగ్లు తాత, కంటి ఆపరేషన్‌కు వచ్చి మా ఇంట్లో దిగాడు కదా. మొదటి రోజు హడావుడిగా వండి పళ్ళెం పెట్టాను. కళ్ళకు పొర కమ్మింది కదా, కూరను వేళ్ళతో తడిమి ఆగిపోయాడు.

"ఏటే గుంటా ఇది? సిక్కుడుకాయా?"

"అవును తాతా."

"కొత్త ఇంకా అవ్వనేదు గదే! రోజు ఎట్టే దిశారిని నేను. నాసేతే తినిపిత్తావేటి?"

ఉల్లిపాయతో అన్నం తింటూ అడిగాడు: "నువ్వూ తినేసినావా?"

అమ్మా, ఆ ముక్క ఇదే. ఈ ఏడే కాదు, పట్నం వచ్చిన పదకొండేళ్ళనుంచీ తింటున్నాను. దేవుడికి పెట్టకుండా ఆ ఏటి కాయ నోట పెట్టకూడదని చిన్నప్పుడు చేతిమీద కొట్టి మరీ నేర్పావు. ఏటా ఫోను చేసి "ముట్టలేదు కదే?" అంటే, "లేదమ్మా" అన్నాను. అన్నీ అబద్ధాలే.

తాతతో వాదించాను కూడా. యూనివర్సిటీ చదువు అలాంటప్పుడే పనికొస్తుంది. "పట్నం కాయ ఏ ఊరి మడిలోదో! దానికీ మన కొత్తకీ ఏం సంబంధం?"

"ఆ సంగతి దేవుడితో నేను సూసుకుంతాను. మీయమ్మకేటి సెప్పినావు?"

ముట్టలేదని చెప్పానన్నాను.

"తిన్నానని సెప్పీ బేగి. తిన్నోలికి పండగలో పని నేదనుకున్నావా? సోటు తుడవాల, నీలు మొయ్యాల. రా."

ఇన్నేళ్ళూ ఇంత చిన్న దారి ఉందని నాకు తట్టలేదు.

ఆ రోజునుంచీ ముట్టలేదు. రైతుబజారులో చిక్కుడు కుప్పల పక్కనుంచి వస్తూ రోజూ ఒక్క క్షణం ఆగుతున్నాను. నిన్న స్టాఫ్‌రూంలో ప్రసన్న తన డబ్బాలోంచి చిక్కుడుకూర వెయ్యబోతే, "మా ఊళ్ళో ఇంకా కొత్త కాలేదు" అన్నాను. "డైటింగా?" అంది. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది, బెల్లు కొట్టినా వింది. ఇది భక్తో, దొరికిపోయిన భయమో ఇంకా తెలియదు. మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

దోసిలి నీలవేణి చేత పెట్టించు. ఇక్కడ చదవడం ఆపేసి ఉంటుంది, చదవమను. పండుగ ముందురోజు అరకు రైల్లో వచ్చి చోటు తుడుస్తాను, నీళ్ళు మోస్తాను. కోపమొస్తే అందరి ముందే తిట్టు, పడతాను. వచ్చే ఏడు కూడా ఫోను చేసి "ముట్టలేదు కదే?" అని అడుగమ్మా. అడగడం మాత్రం మానెయ్యకు.

ఇట్లు,
చీపురు పట్టబోయే నీ పెద్దకూతురు,
రత్నాలు