పిస్తోలు మడమ

కోట, 1961 మార్గశిరం, ఆదివారం రాత్రి

తాత వదిలిపోయిన మందు కూరే పిస్తోలు చేతిలో కుదురుగా నిలిచేది కాదు. వేరుశనగ చేలో పడే పందులను కాల్చడానికి నేనూ తమ్ముడు శీనయ్యా దానికి వెనకవైపు తుమ్మ చెక్కతో మడమ బిగించాం. నా భుజానికి సరిపోయేలా వాడే చిత్రిక పట్టాడు.

కొన్నాళ్లుగా అది కనిపించడం లేదు. నాతోపాటు వాడూ ఇల్లంతా వెతికాడు. ఈరోజు సరుగుడు తోపులో చూస్తే, వేటకొచ్చిన కామందు భుజాన ఉంది. ఆయన పొట్టివాడు. మడమ కోసి కురచ చేశారు. పక్కనే శీనయ్య మందు సంచి పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అడిగాను.

"పొలం కౌలుకిస్తానన్నాడన్నా. నిన్నడిగితే ఇచ్చేవాడివా ఏంది?" అన్నాడు.

ఇచ్చేవాణ్ణే. వాడు అన్నం తిని పడుకున్నాడు. రేపు పొద్దున వాడి మొహం ఎలా చూడాలో...