గడప లేని ఇల్లు

జనవరి 19
అద్దం బిగించారు! హాలుకు చేను వైపు గోడంతా అద్దమే. పక్కకు తోస్తే ఎదురుగా మా పసుపు చేను. షార్జాలో ఏళ్ల తరబడి తాడుకు వేలాడి ఎవరెవరి మేడలకో అద్దాలు బిగించాను. లోపల కూర్చుని బయటికి చూసే భాగ్యం ఒక్కరోజూ లేదు. ఇప్పుడు నా ఇల్లు, నా ప్లాను.
నియమం: ఇంటికీ చేనుకూ మధ్య పరదా లేదు, గ్రిల్ లేదు, గడప కూడా లేదు. హాలు, వాకిలి ఒకే మట్టం.
అమ్మ మొహం ముడుచుకుంది. "గడప లేకుంటె పసుపు దేనికి రాయాలె, కొడుకా?"
మోడరన్ ఇల్లని చెప్పాను. విననట్టే పోయింది.

జనవరి 23
సోఫాలో చాయ్. ఎదురుగా చేను, మంచు, కొంగలు. స్వర్గం!
నా భార్య శైలజ మాత్రం వంటింట్లోనే తాగింది. చేలకు పోయేవాళ్లంతా అద్దం ముందు ఆగి ఏం కూరని అడుగుతున్నారట.

జనవరి 26
పరదా కట్టాం. పల్చటిదే. పరదా గోడ కాదు కదా.

ఫిబ్రవరి 2
కోతులు. అద్దంలో తమ బొమ్మలతో కొట్లాడి, అలసిపోయి, లోపలికొచ్చి అరటిపండ్లూ టీవీ రిమోటూ ఎత్తుకుపోయాయి. రిమోట్ చేన్లో దొరికింది. ఇంటినీ చేనునూ నాకంటే అవే బాగా కలిపాయి.

ఫిబ్రవరి 5
ఆర్మూర్ నుంచి గ్రిల్ వచ్చింది. సన్న కడ్డీలే. కళ్లు సగం మూస్తే కనబడవు.

ఫిబ్రవరి 24
పసుపు తవ్వాం, ఉడకబెట్టాం. చూడ్డానికి మిగిలింది మట్టే. వాకిలి నున్నగా ఉందని శైలజ పంటంతా అక్కడే ఆరబోసింది. పోనీ, ఇదీ ఒక వ్యూ.

మార్చి 4
చెడగొట్టు వాన! మబ్బు కమ్మింది. తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలు. టార్పాలిన్ కోసం ఉరకబోతే అమ్మ ఆపింది.
"గడప లేదు గదరా. లోపటికి నూకు."
గ్రిల్, అద్దం జరిపి, పరదా ఎత్తి, ముగ్గురం చెక్కలతో నూకాం. చూస్తుండగానే పంటంతా హాల్లో. సోఫా కాళ్లు మునిగాయి. వాన దంచికొట్టింది. ఒక్క కొమ్ము తడవలేదు. గడప వద్దన్నది నేనేనని అమ్మకు రెండుసార్లు గుర్తుచేశాను.

మార్చి 6
హాల్లో ఫాన్ల కింద పసుపు. బయట సజ్జ కింద మంచాల మీద మేము. లోపల కూర్చునే యోగం నాకు రాసిపెట్టి లేదు, ఏం చేస్తాం!
శైలజ చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది. హాలును చాలాసేపు కొలిచినట్టు చూసింది. అద్దం తీసి గోడ కట్టమంటుందని భయపడ్డాను.
"వచ్చే ఏడు పంట ఎక్కువొస్తె సాలదు," అంది. "బెడ్రూం గడప గూడ తీపిచ్చేస్తె అయిపాయె."

రేపే మేస్త్రీకి ఫోన్. గ్రిల్ ఊడుతుంది, పరదా ఊడుతుంది. నియమం రేపటి నుంచి మళ్లీ మొదలు, ఈసారి ఇల్లంతా!