రెండు పూటలా గోళి

చిరంజీవి సౌభాగ్యవతి హేమకు,

నీ భర్త ఈరేష్ ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ అవ్వ, మన బిడ్డ కీర్తి క్షేమం. అత్తమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని మీ తమ్ముడు బసవరాజు చెప్తే మనసు కుదుటపడింది. "అందరం క్షేమం" అని రాయడం వాడుక. నేను పేర్లు పెట్టి రాశాను. అందులో నా పేరు లేదని నువ్వు ఈపాటికే పట్టేసి ఉంటావు. కొంచెం ఓపిక పట్టు, అక్కడికే వస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనకు. మొదలుపెట్టింది నువ్వే. అత్తమ్మకు చెవి సరిగ్గా వినబడదని స్పీకర్ పెడతావు, ఇక మహబూబ్‌నగర్ ఆస్పత్రిలో ఆ వార్డంతా మన సంసారం వింటుంది. మొన్న నేను దగ్గితే పక్క మంచం ముసలామె "అల్లునికి మిరియాల కషాయం తాగుమని చెప్పు" అంది చూడు! అందుకే నీలాగే నేనూ బసవరాజు చేతికి కాగితం ఇచ్చి పంపుతున్నాను. కవరు అతికించాను. వార్డులో చదవకు. మెట్ల దగ్గరకో, టీ కొట్టు దగ్గరకో పోయి చదువు.

నీ చీటీలో నాలుగు సంగతులు అడిగావు. వరసగా చెప్తాను.

కీర్తి కాలేజీకి టైముకే పోతోంది. ఫిజిక్సు టెస్టులో మార్కులు తగ్గాయని రెండు రోజులు మూతి ముడుచుకుంది, మూడో రోజు తనే సర్దుకుంది. జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది. గుండ్రంగా రావడం లేదు గానీ పొంగుతున్నాయి. అవ్వ తింటోంది. అయితే కోడలి చేతి పుండిపల్లె గోంగూర కూర లేదని రోజూ గుర్తుచేసి మరీ తింటోంది. రెండోది, కొళాయి నీళ్ళు ఇంకా రోజు విడిచి రోజే. కాలనీలో ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల దగ్గర కొట్లాటలు మామూలే, నువ్వు లేవని మన వంతు ఎవరూ ఆపలేదు.

మూడోది, ఆదివారం వస్తానని ఎందుకు రాలేదని అడిగావు. ఫోన్‌లో డ్యూటీ పడిందన్నాను. అది అబద్ధం. ఆదివారం నేను గని ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాను. భయపడకు, ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను.

శనివారం పొద్దుటి షిఫ్టు దిగే వేళ, మనుషుల్ని గనిలోకి దించి పైకి తెచ్చే కేజ్ ఇంజను మీద ఉన్నాను. లోపలి నుంచి గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లంటే మనుషులు ఎక్కుతున్నారని నీకు తెలుసు. జవాబిచ్చాను. మళ్ళీ గంట ఒక్కసారి మోగగానే కేజ్‌ను పైకి లాగడం మొదలుపెట్టాను. సగం దూరం వచ్చిందో లేదో, గుండె ఒక దెబ్బ తప్పి, తర్వాత రెండు మూడు దెబ్బలు ఒకేసారి కొట్టుకున్నట్టయింది. ఎదుట కేజ్ ఎంత లోతులో ఉందో చూపే ముల్లు రెండుగా కనబడింది. చెవుల్లో గుయ్యిమంది. చేయి బ్రేకు మీద పడింది. కేజ్ ఆగిపోయింది.

పక్కన కూర్చున్న రెండో డ్రైవరు మహాంతేశ్ "అన్నా, ఏమైంది? లెయ్యి, లెయ్యి, నేన్ చూస్త" అని నన్ను పక్కకు జరిపాడు. అదే సమయానికి ఫోన్ మోగింది. పైన గంట కొట్టే మన సూగప్ప. "ఏందిది, కేజ్ నిండ మన్షులున్నరు, బ్రేకు ఎవరేసిన్రు?" అని అరిచాడు. మహాంతేశ్ మెల్లగా పైకి తెచ్చాడు. దిగినవాళ్ళు నవ్వుకుంటూనే పోయారు. ఒకడు కిటికీలోంచి తొంగిచూసి "కరెంటు పోయిందా అన్నా?" అన్నాడు. వాడి మొహం మీద దుమ్ములో తెల్లగా పళ్ళు కనబడ్డాయి. హేమా, ఆ పళ్ళు చూసి నాకు ఏడుపొచ్చింది. యంత్రానికి దాని కట్టుదిట్టాలు దానికున్నాయి. కానీ వాళ్ళు నమ్మి ఎక్కింది యంత్రాన్ని కాదు, నన్ను.

సూగప్పే ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ తీశారు. డాక్టరు ఆ కాగితాన్ని చూసి, మళ్ళీ తీయమన్నాడు. రెండోది చూసి, "ఏమేం మందులు వాడుతున్నావు?" అని అడిగాడు. ఏమీ లేవన్నాను. వెనక నుంచి సూగప్ప "చెప్పు ఈరేషన్నా. నువ్వు చెప్పకుంటే నేన్ చెప్త" అన్నాడు.

ఇక్కడిదాకా రాసి లేచి నీళ్ళు తాగి వచ్చాను.

హేమా, ఉగాది తర్వాత నుంచి నేను మనసుకు గోళి వేసుకుంటున్నాను. రాయచూరులో ఒక డాక్టరమ్మ రాసిచ్చింది. యూనియన్ పని మీద పోతున్నానని నీతో చెప్పినవన్నీ ఆమె దగ్గరికే. ఎందుకని అడిగితే పెద్ద కారణం చూపించలేను. అప్పులేదు, కొట్లాట లేదు, నీ వల్ల ఏ లోటూ లేదు. అన్నం మట్టిలా ఉండేది. కీర్తి నవ్వితే నవ్వుతున్నదని తెలిసేది, నాకు నవ్వు వచ్చేది కాదు. ఒక రోజు డ్యూటీ దిగాక పని లేకున్నా గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గర నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సూగప్ప వచ్చి భుజం మీద చేయి వేసి, "గిట్ల నిలబడకన్నా. నాకు పరేషానైతుంది. నడువు, చాయ్ తాగుదం" అన్నాడు. చాయ్ తాగాక బస్సెక్కించి రాయచూరు తీసుకుపోయాడు. నీకు చెప్పమని అప్పటి నుంచి పోరుతూనే ఉన్నాడు.

నీకు ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. ఇంజను మీద కూర్చునేవాడు మనసు గోళి మింగుతున్నాడని తెలిస్తే కాలనీలో ఏమంటారో నీకు తెలుసు. కుర్చీ పోతుందని భయం ఇంకొకటి. గోళీలు డ్యూటీ సంచిలో, టార్చి సెల్లుల డబ్బాలో దాచేవాణ్ణి. ఒకటి మాత్రం నిజం చెప్తాను. అవి పని చేశాయి. మామిడికాయ పచ్చడి పెట్టిన రోజు జాడీలోంచి ముక్క తీసి నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువైంది" అన్నాను, గుర్తుందా? నువ్వు కోప్పడ్డావు. రుచి తెలిసింది ఆ రోజే మళ్ళీ.

ఇక నీ నాలుగో ప్రశ్న. "గ్యాస్ గోళి రెండు పూటలా వేసుకుంటున్నారా?" అని అడిగావు.

వేసుకున్నాను.

ఆస్పత్రిలో మనసు గోళి సంగతి చెప్పాక డాక్టరు "ఇంకేమైనా?" అన్నాడు. ఏమీ లేవని మళ్ళీ అన్నాను. అబద్ధం కాదు. రాయచూరు డాక్టరమ్మ అడిగినప్పుడూ అదే చెప్పాను. ఏళ్ళ తరబడి పొద్దున్నే నువ్వు గ్లాసు నీళ్ళతో చేతిలో పెట్టే గోళిని మందని ఎవరనుకుంటారు? మన ఇంట్లో అది చాయ్‌పత్తా డబ్బా పక్కన ఉంటుంది. ఆయన విసుక్కోకుండా, "పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తావో వరసగా చెప్పు" అన్నాడు. "మొహం కడుక్కుంట, గ్యాస్ గోళి ఏసుకుంట, చాయ్ తాగుత..." ఆయన చేయెత్తి ఆపాడు. "ఒక్కపూటేనా?" "నెల నుంచి రాత్రి కూడా సార్. గుండె దడగా ఉంటే గ్యాసేనని ఇంట్లో..." అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మనసు గోళి పని అయ్యాక శరీరం దాన్ని కరిగించి బయటికి పంపాలి. నేను వేసుకునే రకం గ్యాస్ గోళి ఆ పనికి అడ్డుపడుతుంది. కరగక ఒంట్లో ఎక్కువై గుండె లయ మీద పడుతుంది. అంటే దడ గ్యాసు వల్ల కాదు. దడ తగ్గాలని మనం గోళి పెంచాం, దాంతో దడే పెరిగింది.

ఇది చదివి నువ్వు ఏం చేస్తావో నాకు కనబడుతోంది. "నా చేతులార నేనే పెట్టిన" అని మెట్ల మీద కూలబడతావు. వద్దు. నీకు తెలిసిన గోళి ఒక్కటే. రెండోది నేను దాచాను. రెండు గోళీలూ తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరున్నా ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. నీ మీద నిందేస్తే నా నోట్లో మన్ను పడుతుంది.

ఇద్దరు డాక్టర్లూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. గ్యాస్ గోళి వేరే రకానికి మార్చారు, మనసు గోళి మోతాదు తగ్గించారు. మనంతట మనం ఏదీ ఆపకూడదని గట్టిగా చెప్పారు. సోమవారం మళ్ళీ ఈసీజీ. గుండె గీత సర్దుకుందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఇంజను మీదికి మళ్ళీ పంపుతారో లేదో ఇంకా చెప్పలేదు. ఇప్పటికి దీపాల గదిలో కూర్చోబెట్టారు. గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిస్తూ, పైకి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకుంటూ ఉన్నాను. ఎందుకు మార్చారని ఎవరైనా అడిగితే గుండె అని చెప్తున్నాను. సగం నిజం. మిగతా సగం ముందు నీకు చెప్పాక, తర్వాత లోకానికి.

టార్చి సెల్లుల డబ్బా పారేశాను. రెండు గోళీలూ వంటింట్లో చాయ్‌పత్తా పక్కనే పెట్టాను. నువ్వు వచ్చేదాకా నేనే వేసుకుంటాను, వచ్చాక నువ్వే ఇవ్వాలి.

చదివాక ఫోన్ చేయి. చుట్టూ జనం ఉంటారు, ఏడవకు, ఏమీ అడగకు. రోజూ అడిగినట్టే "గోళి యేసుకున్నరా?" అను. "ఏ గోళి?" అని నేను అడుగుతాను.

"రెండూ" అను. అంతకంటే ఏమీ వద్దు.

ఇట్లు,
నీ ఫోన్ కోసం కాచుకుని ఉన్న
నీ భర్త
ఈరేష్