ఫోరం మూసేద్దామా అని అడిగితే

2008, గురువారం

కొల్లేరు చేపల రైతుల కోసం సుబ్బారావు మాస్టారూ నేనూ నడుపుతున్న ఇంటర్నెట్ ఫోరంను ఉంచాలా, మూసేయాలా అని ఆయన సభ్యులందరినీ అడిగారు. పదకొండు మంది జవాబు రాశారు. పదకొండూ ఒకటే: "మీ ఇష్టమండీ." ఎంత మర్యాదస్తులమో!

సాయంత్రం ఆయన వట్లూరు నుంచి ఫోన్ చేశారు. "ఏవండీ, మీరైనా తేల్చి చెప్పండి."

పోయినేడు చనిపోయిన మా తమ్ముడు చెరువు నీళ్ల రంగు గురించి రోజూ రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. మూస్తే అవీ పోతాయి. అదే చెబుదామనుకున్నాను.

"మీ ఇష్టమండీ మాస్టారూ."

"అయితే ఆదివారం మూసేస్తానండీ."

ఆయన వెంటనే ఫోన్ పెట్టేయలేదు. నేనేమైనా అంటానేమోనని చాలాసేపు ఆగారు. ఆయనే వద్దంటారేమోనని నేనూ ఆగాను.